రైతు బజారు: పలక మీద ధర, తట్టలో సరుకు

అనకాపల్లి బెల్లం, గుంటూరు మిర్చి, దుగ్గిరాల పసుపు, ఆదోని ప్రత్తి - వీటి ధరవరలు పత్రికల వ్యాపార పుటలలో ఏనాటి నుండో వెలువడుతున్నవి. సరుకు ఎంత వచ్చినది, కొనేవారి ఆసక్తి ఎట్లున్నది, ధర నిలిచినదా, జారినదా అన్న సమాచారం రైతుకూ, వర్తకునికీ కూడ అవసరమే. కాని ప్రతి ఇంటా రోజూ పొయ్యి మీదికి ఎక్కే వంకాయకు, బెండకాయకు, తోటకూరకు ఈ పుటలలో దక్కే చోటు స్వల్పం. అందుకు కారణం లేకపోలేదు. బెల్లం దిమ్మెను నిలువచేసి ధర వచ్చినపుడు అమ్ముకోవచ్చు. మిర్చి బస్తాను శీతల గిడ్డంగికి చేర్చి నెలల తరబడి ఆగవచ్చు. తోటకూర కట్ట మధ్యాహ్నం వరకైనా ఆగదు. ఉదయం పలికిన ధర సాయంత్రానికి ఉండదు. పత్రికలో అచ్చయ్యే వేళకు ఆ కూర ఎవరి విస్తరిలోనో వడ్డన అయిపోయి ఉంటుంది.

కాబట్టి కూరగాయల ధరవరల పుట పత్రికలో కాక బజారు గుమ్మంలోనే ఉంటుంది. రైతు బజారుకు వెళ్ళినవారు ముందుగా చూసేది తట్టలను కాదు, ద్వారం పక్కన నిలిపిన ధరల పలకను. ఎడమవైపు కూర పేరు, కుడివైపు కిలో ధర. కొన్ని చోట్ల సుద్దముక్కతో వ్రాస్తారు, కొన్ని చోట్ల విద్యుద్దీపాల అంకెలు వెలుగుతుంటాయి. సంచి చేతబట్టుకొని వచ్చిన పెద్దమనిషి అక్కడ ఒక నిమిషం ఆగుతాడు. నిన్నటి ధర గుర్తుచేసుకుంటాడు. వంకాయ రెండు రూపాయలు ఎక్కినది, దొండకాయ మూడు రూపాయలు దిగినది. ఇంట్లో అనుకొని వచ్చిన కూర అక్కడే మారిపోతుంది. కూరగాయలు కొనడంలోని సరదా ఆ పలక దగ్గరే మొదలవుతుంది. బేరమాడనక్కరలేదు, మోసపోతామన్న బెంగ లేదు. ఇక మిగిలినది సరుకును చూసి, తాకి, ఏరుకొనే పని మాత్రమే.

ధర ఎట్లు తేలుతుంది?

ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్‌లో రైతు బజార్లు 1999 జనవరి 26న ప్రారంభమైనవి. అప్పుడు ముఖ్యమంత్రి నారా చంద్రబాబు నాయుడు. దేశంలో ఇటువంటి ప్రయత్నం అంతకుముందే జరిగినది: పంజాబ్‌లో 1987లో 'అప్నీ మండీ' పేరుతో రైతులే నేరుగా అమ్ముకొనే బజార్లు వెలిసినవి. ఆంధ్ర తరువాత అదే సంవత్సరం నవంబరులో తమిళనాడు ప్రభుత్వం మదురైలో మొదటి 'ఉళవర్ సందై'ని తెరచినది. 2014లో రాష్ట్రం విడిపోయిన తరువాత కూడ ఆంధ్ర ప్రదేశ్‌లోను, తెలంగాణలోను ఇవి రైతు బజార్లుగానే కొనసాగుతున్నవి. ప్రభుత్వాలు మారినపుడు పథకాల పేర్లు మారిపోవడం సాధారణమైన ఈ కాలంలో ఒక పేరు ఇన్నేళ్ళు నిలవడం చిన్న విషయం కాదు.

ధర నిర్ణయానికి పెట్టుకున్న సూత్రం సులువైనది. టోకు ధర కంటే పాతిక శాతం ఎక్కువ, చిల్లర ధర కంటే పాతిక శాతం తక్కువ. ఎస్టేట్ ఆఫీసరు, రైతుల ప్రతినిధులు కలిసి దగ్గరలోని టోకు మార్కెట్ ధరను, ఊరిలోని చిల్లర ధరను విచారించి, తెల్లవారేసరికి పలక మీద ఎక్కిస్తారు. ఒక రోజు టోకు మార్కెట్లో బీరకాయ కిలో 20 రూపాయలు పలికినదనుకుందాం. అదే కాయ వీధి దుకాణంలో 34 రూపాయలకు అమ్ముతున్నారనుకుందాం. రైతు బజారు పలక మీద 25 రూపాయలని పడుతుంది. రైతుకు 5 రూపాయలు అధికం, గృహిణికి 9 రూపాయలు ఆదా.

లెక్క ఇంతటితో ముగిసినట్లు పైకి కనిపించినా, రైతు లెక్క వేరు. టోకు మార్కెట్లో పలికిన 20 రూపాయలూ అతని చేతికి రావు. అందులో కమీషను, హమాలీ, తరుగు పోతాయి. రైతు బజారులో అద్దె గాని, కమీషను గాని లేదు. కాటా కూడ బజారువారిదే. కనుక లాభం 5 రూపాయల కంటే ఎక్కువే. అయితే టోకు మార్కెట్లో సరుకు దింపిన రైతు ఎనిమిది గంటలకల్లా ఇంటికి మళ్ళవచ్చు. రైతు బజారులో చివరి కాయ అమ్ముడయ్యేదాకా కూర్చోవాలి. అంటే ఆ పూట కూలి అందులో నుండే రావాలి. తట్టలో 20 కిలోలు తెచ్చినవారికి కిలోకు 5 రూపాయల చొప్పున మిగిలేది 100 రూపాయలు. అది పొలం పనికి వెళ్ళినా వచ్చే కూలి కంటే తక్కువ. 80 కిలోలు, 100 కిలోలు తెచ్చినవారికే ఈ బేరం గిట్టుబాటు. దూరాభారం ఉన్న ఊళ్ళ రైతులు రాలేకపోవడానికి, ఊరి చుట్టుపట్ల గ్రామాలవారే ఎక్కువగా కనిపించడానికి, కాటా వెనుక మగవారి కంటే ఆడవారే ఎక్కువగా కూర్చోవడానికి మూలం ఈ లెక్కలోనే ఉన్నది. మగవాడు మడిలో నీరు కడుతుంటే ఇల్లాలు బజారులో తూకం వేస్తుంది.

దేశం మొత్తం మీద రైతుకు దక్కే వాటా ఎంతో తెలిస్తే ఈ పాతిక శాతం విలువ బోధపడుతుంది. 2024 అక్టోబరులో వెలువడిన రిజర్వు బ్యాంకు అధ్యయన పత్రాల ప్రకారం, వినియోగదారుడు చెల్లించే రూపాయిలో టమాటా రైతుకు చేరేది 33 పైసలు. ఉల్లి రైతుకు 36 పైసలు, బంగాళాదుంప రైతుకు 37 పైసలు. మిగిలినదంతా దారిలో పంచుకుంటారు. అందులో లారీ కిరాయి ఉన్నది, కుళ్ళిపోయిన సరుకు నష్టం ఉన్నది, చేతులు మారినపుడల్లా చేరే లాభమూ ఉన్నది. రైతు బజారులో దారి అనేదే లేదు. చెల్లించిన రూపాయి పండించిన చేతిలోనే పడుతుంది.

వేకువ బస్సు

విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీ రైతు బజారు రాష్ట్రంలో పేరుపడిన వాటిలో ఒకటి. ఆనందపురం, పద్మనాభం, భీమునిపట్నం వైపు పల్లెల నుండి కూర ఇక్కడికి దిగుతుంది. ముందురోజు సాయంత్రం కోసిన కాయ, తెల్లవారుజామున కోసిన ఆకు. గోనెసంచులు, వెదురు తట్టలు, తడిగుడ్డ కప్పిన గంపలు. రైతుల సరుకు కోసం ఆర్టీసీ బస్సులు నడపడం ఈ పథకంలో మొదటి నుండి ఉన్న ఏర్పాటు. ఆ తరువాత ఆటోలు, చిన్న వ్యానులు వచ్చినవి. నలుగురైదుగురు రైతులు కలిసి ఒక వాహనం మాట్లాడుకోవడం మామూలైనది.

దుకాణాలు తెరిచిన తొలి గంటలో బజారు చూడవలసినదే. నీరు చిలకరించిన కొత్తిమీర కట్టలు ఒకవైపు. మంచు ఆరని బచ్చలి తీగ మరొకవైపు. ముళ్ళు గుచ్చుకొనే తొడిమతో నల్లవంకాయలు, పువ్వు ఇంకా రాలని లేత బీరకాయలు, మన్ను అంటిన చామదుంపలు. పెద్ద దుకాణాలలోని కూర కడిగి, తుడిచి, కాగితంలో చుట్టి ఉంటుంది, చూడ్డానికి ముచ్చటే. కాని దుంపకు మన్ను ఉంటేనే అది ఎప్పుడు త్రవ్వినదో తెలుస్తుంది. కొనేవారికి మన్ను కంటే మంచి సాక్ష్యం లేదు.

ధర అందరికీ ఒకటే అయినప్పుడు పోటీ అంతా సరుకు నాణ్యం మీదకు పోతుంది. ఇది ఈ బజారులోని అసలైన విశేషం. ఒకే పలక కింద పదిమంది బెండకాయ అమ్ముతుంటే, ఎవరి కాయ లేతగా ఉంటే వారి తట్ట ముందు ఖాళీ అవుతుంది. కనుక ఉదయం ఆరున్నరకు వచ్చినవారికి, పదకొండుకు వచ్చినవారికి ధర ఒకటే గాని కాయ ఒకటి కాదు. ముందు వచ్చినవారిది ఏరుకొనే హక్కు. విశ్రాంత ఉద్యోగులు ఈ హక్కును పూర్తిగా వినియోగించుకుంటారు. వారికి ఉదయపు నడక, స్నేహితులతో కబుర్లు, ఇంటికి కూర - మూడూ ఒకే త్రోవలో పడతాయి. ఏ రైతు తోటలో ఏ కాయ బాగుంటుందో వారికి కంఠోపాఠం.

ఏరుకోవడంలో ఎవరి శాస్త్రం వారిది. బెండకాయ కొన విరిచి చూసేవారు కొందరు. ఒక రైతు తట్టలో పది కొనలు విరిగితే ఆ కాయలు మరొకరు కొనరు. ఆనపకాయను గోటితో గిచ్చి లేతదనం తేల్చుకొనేవారు మరికొందరు. "గోరు పెట్టకమ్మా తల్లీ" అని వారించని అమ్మకందారు లేదు. వంకాయను చేతిలో తూచి, బరువు తక్కువగా ఉంటే గింజ తక్కువని తీసుకుంటారు. కందను కోయించి, లోపలి రంగు చూసి గాని తూకం వేయనీయరు. చదువుకు, డబ్బుకు దీనితో సంబంధం లేదు. కారు దిగివచ్చిన ఇల్లాలు కూడ ఇక్కడ వంగి తట్టలోనే ఏరుకోవాలి.

బేరం లేదన్నంత మాత్రాన మాట లేదని కాదు. తూకం అయిన తరువాత అసలు ఘట్టం మొదలవుతుంది: కొసరు. అసలు కంటే కొసరు ముద్దు అన్న సామెత పుట్టినది ఇటువంటి చోటనే కావాలి. రెండు పచ్చిమిరపకాయలు, ఒక కరివేపాకు రెమ్మ, చిన్న అల్లంముక్క. పలక మీద కరివేపాకుకూ ధర ఉన్నది, కాని రోజూ వచ్చేవారి దగ్గర రెమ్మకు డబ్బు తీసుకోవడం ఏ రైతు ఇల్లాలికీ ఇష్టముండదు. పెద్ద తరం వారు ఇప్పటికీ నోట వీశెలు, పలాలు పలుకుతారు. తూనికలు, కొలతల చట్టం వచ్చినది 1956లో. చేతిలోని కాటా ఏనాడో కిలోలకు మారినది గాని నోరు ఇంకా పూర్తిగా మారలేదు.

నెలను బట్టి కూర

రైతు బజారు చూస్తే పంచాంగం చూసినట్లే. ఉగాదికి వేపపువ్వు, పుల్లమామిడి. వినాయక చవితికి కూర దుకాణాల పక్కనే పత్రి, వెలగకాయలు. సంక్రాంతికి గుమ్మడికాయలు గుట్టలుగా పడతాయి, చిక్కుడుకాయ రుచికి వస్తుంది, చిలగడదుంప దిగుతుంది. తొలకరి పడితే ఆకాకరకాయ. కార్తీకం వచ్చినదంటే మాంసం మానేసే ఇళ్ళు పెరుగుతాయి. ఆ నెల కోడి ధర మెత్తబడి, కూర ధర బిగుస్తుంది. అదే సమయంలో తుపాను కూడ తోడైతే పలక మీది అంకెలు చూసి నిట్టూర్చవలసినదే. వ్యాపారులకు ఇది ఏటేటా తెలిసిన సంగతి. పంట వేసే రైతుకు కూడ తెలుసు గనుకనే శ్రావణ, భాద్రపదాలలో చేసే నాటుకు అంత తొందర.

వేసవిలో ఆవకాయ కాయ వచ్చిన మూడు నాలుగు వారాల సందడి వేరు. కాయ కొన్నవారు అక్కడే కొట్టించుకుంటారు. కత్తిపీట ముందు కూర్చున్న మనిషి టెంకతో సహా ఒక్కో దెబ్బకు ఒక్కో ముక్క తీస్తాడు, ప్రతి ముక్కకూ పెంకు అంటి ఉండేటట్లు. పెంకు ఊడిన ముక్క జాడీలో మెత్తబడుతుందని పక్కన నిలబడ్డ ఇల్లాలు కన్నార్పకుండా చూస్తుంటుంది. అదే నెలలో విశాఖవైపు సొంత పండు సువర్ణరేఖ కూడ దిగుతుంది.

పనసపొట్టు సంగతి విడిగా చెప్పుకోవాలి. లేత పనసకాయను చెక్కి, పెద్ద కత్తితో టకటక కొడుతూ సన్నటి పొట్టుగా దించడం ఉత్తరాంధ్రలోను, గోదావరి జిల్లాలలోను ఒక విద్య. ఇంట్లో చేస్తే చేతులు జిగురు, కత్తి జిగురు, పూటంతా అదే పని. బజారులో కొట్టేవారు చేతికి నూనె రాసుకొని, మాట్లాడుతూనే, చూడకుండానే కొడతారు. ఆవ పెట్టి వండిన పనసపొట్టు కూర, కంద-బచ్చలి లేని పెళ్ళి విందు ఈ ప్రాంతంలో లోటుగానే లెక్క. ఆ రెండు కూరలకూ కావలసినవన్నీ ఒకే ఆవరణలో, నాలుగడుగుల దూరంలో దొరకడం రైతు బజారుకు వచ్చేవారికి తెలిసిన సుఖం.

మన్యం సరుకుకు కూడ విశాఖ బజార్లలో గిరాకీ ఉన్నది. చింతపల్లి రాజ్‌మా, అరకు వైపు అల్లం, పసుపు, మిరియాలు, సీజనులో అనాస, సీతాఫలం. ఘాటెక్కినా, తీపెక్కినా మైదానపు సరుకుతో దానికి పోలిక లేదని కొనేవారి నమ్మకం. చలికాలంలో లంబసింగి నుండి స్ట్రాబెర్రీ కూడ వస్తున్నది. ఉల్లి, బంగాళాదుంప మాత్రం ఈ చుట్టుపట్ల రైతులు పండించేవి కావు. బయటి నుండి వచ్చే ఇటువంటి సరుకును అమ్మే పని స్వయం సహాయక బృందాల మహిళలకు అప్పగించినారు. అక్కడ ధర రైతుది కాదు, రవాణాది. పలక చదివేవారు ఈ తేడా గమనించవలసి ఉన్నది.

ఒక కాయ, నాలుగు పేర్లు

పలక చదవడానికి తెలుగు వస్తే చాలదు, ఏ ప్రాంతపు తెలుగో కూడ తెలియాలి. విశాఖలో ఆనపకాయ అంటే సొరకాయ. చిత్తూరువైపు అనపకాయలంటే చిక్కుడుజాతి గింజలు. పితికిపప్పు చేసుకొనేది వాటితోనే. గోంగూర తెలంగాణలో పుంటికూర అవుతుంది, ఆకాకర బోడకాకర అవుతుంది, బంగాళాదుంప ఆలుగడ్డ అవుతుంది. రాయలసీమలో ఎర్రగడ్డ అంటే ఉల్లిపాయ. హైదరాబాదులో ఎర్రగడ్డ అంటే రైతు బజారు ఉన్న పేట. బదిలీ మీద వచ్చిన ఉద్యోగి ఇల్లాలు మొదటి నెలలో ఒకటడిగి ఒకటి తెచ్చుకోవడం, ఆ తరువాత ఇరుగుపొరుగు నవ్వుకోవడం కొత్త కాదు. హైదరాబాదు మెహిదీపట్నం, కూకట్‌పల్లి వంటి బజార్లలో కూరకు రెండేసి పేర్లు పలికే అమ్మకందార్లు ఉన్నారు; మూడు ప్రాంతాల జనం కొనే చోట అది వ్యాపార ధర్మం.

కార్డు ఎవరిది, కాటా ఎవరిది?

ఇంతటి బజారుకు ఆధారం ఒక చిన్న కార్డు. కూరగాయలు పండించే రైతులను గ్రామాలలో రెవెన్యూ, ఉద్యాన, వ్యవసాయ శాఖల సిబ్బంది గుర్తించి, ఫోటోతో కార్డు ఇస్తారు. కార్డు ఉన్నవారికే అమ్మకానికి చోటు. ఈ కార్డు పరాధీనమైతే పథకం మొత్తం పరాధీనమైనట్లే. రెండు రాష్ట్రాలలోను ఏళ్ళ తరబడి వినవచ్చే ఫిర్యాదు ఇదే: కార్డు రైతుది, కూర్చున్నవాడు వర్తకుడు. టోకు మార్కెట్లో వేకువజామున కొని, రైతు బజారులో రైతు పేరుతో అమ్మడం. అధికారులు తనిఖీ చేస్తారు, కార్డులు రద్దుచేస్తారు, కొన్నాళ్ళకు పరిస్థితి మళ్ళీ మొదటికి వస్తుంది.

దీనివల్ల కొనేవారికి నష్టమేమిటన్న ప్రశ్న సహజం. ధర పలక ప్రకారమే గదా? నిజమే, ఆ రోజుకు నష్టం కనబడదు. కాని వర్తకుడు పాతిక శాతంతో ఊరుకోడు. కాటాలో చేయి చూపుతాడు, లేదా అడుగున ముదురు కాయ పెడతాడు. అంతకంటే పెద్ద నష్టం రైతుకు. చోటు పరిమితం, ఒక వర్తకుడు కూర్చుంటే ఒక రైతు మళ్ళీ టోకు మార్కెట్ మెట్లు ఎక్కవలసినదే. అసలు రైతును గుర్తుపట్టే మార్గం పాత కొనుగోలుదారులు చెబుతారు. రైతు తట్టలో రెండు మూడు రకాలే ఉంటాయి, అవి కూడ ఆ ఋతువువి. పది రకాలు వరుసగా పేర్చి, అందులో బీట్‌రూట్, క్యాప్సికం కూడ కలిపి అమ్ముతుంటే ఆ సరుకు ఒక మడిలో పండినది కాదు. విత్తనం ఎప్పుడు వేశారని, మీ ఊళ్ళో వాన పడినదా అని అడిగితే రైతు ఇల్లాలు చేయి ఆపి చెబుతుంది. వర్తకుడు తరువాతివారి సంచి వైపు చూస్తాడు.

రైతులకు పలక మీద కూడ ఒక ఫిర్యాదు ఉన్నది, అది కొట్టిపారేయదగినది కాదు. మంచి కాయకూ, మామూలు కాయకూ ఒకటే ధర అయినప్పుడు, శ్రమపడి పురుగుమందు తగ్గించి పండించినవానికి ప్రతిఫలమేమిటి? తట్ట ముందుగా ఖాళీ కావడమే అతని లాభం. చిల్లర ధర, టోకు ధర రెండూ ఒకేసారి పడిపోయిన రోజు పాతిక శాతం అధికమన్నా కోత కూలి రాదు. పలక ధరను పంచగలదు గాని పుట్టించలేదు.

ధర మండినప్పుడు

మామూలు రోజులలో కూర బజారుగా ఉండేది, ధరలు హద్దుమీరినపుడు ప్రభుత్వానికి ఊరట దుకాణమవుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకిన తరువాత, కరెంటు, రవాణా స్తంభించిన రోజులలో బయటి జిల్లాల కూర రైతు బజార్ల ద్వారానే జనానికి చేరినది. 2019 చివరలో ఉల్లి ధర ఆకాశానికి అంటినపుడు ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వం రైతు బజార్లలో కిలో 25 రూపాయలకు రాయితీ ఉల్లి అమ్మించినది. మనిషికి ఒక కిలో కోసం తెల్లవారకముందే బారులు తీరినారు. 2020 మార్చిలో కరోనా లాక్‌డౌన్ వచ్చినపుడు ఇరుకు ఆవరణలు పనికిరావని బజార్లను మైదానాలలోకి, బడుల ఆవరణలలోకి మార్చినారు. సుద్దతో గీసిన వలయాలలో నిలబడి జనం వంకాయలు కొన్నారు.

2023 వేసవి చివర టమాటా కథ అందరికీ గుర్తుండే ఉంటుంది. జూలైలో చిల్లర ధర కిలో 100 రూపాయలు దాటి ఇంకా పైకి పాకినది. ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వం కొనుగోలు చేసి రైతు బజార్లలో కిలో 50 రూపాయలకు ఇప్పించినది. ఆ కొద్ది వారాలలో సరుకు ఉన్న మదనపల్లె రైతుల పంట పండినది. ఆశపడి అందరూ టమాటా నాటినారు. సెప్టెంబరు నాటికి పత్తికొండ మార్కెట్లో కిలో పది రూపాయలకు లోపు జారినది. కొన్నిచోట్ల రైతులు సరుకును రోడ్డు మీద పారబోసి వెళ్ళినారు. రెండు నెలల్లో ఒకే కాయకు ఈ రెండు గతులు.

ఈ ఒడిదుడుకులలో రైతు బజారు చేసే మేలుకు ఒక హద్దు ఉన్నది. ఊరి చుట్టుపట్ల పండే వంకాయ, బెండ, బీర, ఆకుకూరల ధరను అది కొంతవరకు నిలకడగా ఉంచగలదు. వందల మైళ్ళ నుండి వచ్చే టమాటాకు, ఉల్లికి దాని చేయి అందదు. ప్రభుత్వం డబ్బు పోస్తేనే ధర దిగుతుంది, ఆపితే మళ్ళీ ఎక్కుతుంది. అయినా కొనుగోలుదారులకు ఒక ఉపయోగం మిగులుతుంది. రైతు బజారు ధర తెలిసినవానిని వీధి బండివాడు కూడ మరీ ఎక్కువ అడగలేడు. పలక గోడకు ఉన్నా, దాని మాట నాలుగు వీధుల అవతలి దాకా వినబడుతుంది.

పొద్దు వాలిన తరువాత

సాయంత్రం ఆరు దాటితే బజారు రూపు మారుతుంది. ఉదయపు పచ్చదనం ఉండదు. వాడిన ఆకుకూర మీద నీరు ఎంత చిలకరించినా తల ఎత్తదు. పలక మీది ధర పలక మీదే ఉంటుంది గాని, మిగిలిన సరుకును కుప్పలుగా పోసి కుప్పకింత అని అమ్ముకుంటారు. హాస్టలు వంటవారు, టిఫిను దుకాణాలవారు, భోజనశాలలవారు వచ్చేది అప్పుడే. జాగ్రత్తగా ఏరుకుంటే ఆ కుప్పలలో మంచి కాయ దొరకకపోదు. మరునాటి వరకు దాచకుండా ఆ రాత్రికే వండుకొనేవారికి అది లాభసాటి బేరం. చింతచిగురు, పొన్నగంటి వంటివి మాత్రం ఆ వేళకు ఉండవు. అవి కావలసినవారు ఏడు గంటలలోపే వెళ్ళాలి.

సరుకు పూర్తిగా పోయిన రైతు తట్టలు ఒకదానిలో ఒకటి పేర్చుకుంటుంది, చిల్లర లెక్కపెట్టి కొంగున ముడివేస్తుంది. ఇంటికి కావలసిన ఉల్లిపాయలు పక్క దుకాణంలోనే కొంటుంది, పలక మీది ధరకే. సరుకు మిగిలిన రైతుకు ఆలోచన తప్పదు: కుప్ప పోసి తగ్గించి అమ్మడమా, గోనె తడిపి కప్పి రేపటికి ఉంచడమా? దుంప, గుమ్మడి అయితే ఉంచవచ్చు. బెండకాయ అయితే ఉంచకూడదు. ఆకుకూర గంపలోనిది పశువులకే. పల్లె వైపు వెళ్ళే బస్సు వచ్చేలోగా ఆ లెక్క తేలిపోవాలి.